అడ్జస్ట్ అనే మాట, దస్తీ వేసిన కుర్చీ

బస్సు కండక్టరుగా పనిచేసినన్నాళ్లూ నేను ఎక్కువసార్లు పలికిన మాట టికెట్ కాదు, అడ్జస్ట్. ముగ్గురు కూర్చునే సీటులో నలుగురిని కూర్చోబెట్టాలంటే ఆ మాట కావాలి. పరకాల బస్సులో మిర్చి సంచుల మధ్య నిలబడ్డవాళ్లను వెనక్కి జరపాలన్నా, వర్ధన్నపేట బస్సులో పిల్లను ఎత్తుకున్న తల్లికి చోటు చూపాలన్నా అదే మాట. "జర అడ్జస్ట్ కాండ్రి" అనేవాణ్ని. జనం గొణుక్కుంటూనే జరిగేవాళ్లు. ఒకసారి ఒక పెద్దావిడ మాత్రం నా ముఖం మీదే, "ఎంత అడ్జస్ట్ గావాలె కొడుకా, మేమేమన్న పిండిముద్దలమా?" అంది. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ మాట ఎక్కడిదో, అసలు అర్థం ఏమిటో అప్పుడు నాకు తెలియదు. తెలుసుకోవాలని అనిపించనూ లేదు.

నా చదువు పదో తరగతితో ఆగిపోయింది. ఉద్యోగం నుంచి దిగిపోయాక హనుమకొండలో ఒక లైబ్రరీకి వెళ్లడం మొదలుపెట్టాను. మొదట పేపరు కోసమే పోయేవాణ్ని. ఒకరోజు కిటికీ పక్కనున్న బీరువాలో, అట్ట ఊడిపోయి దారంతో కట్టిన పెద్ద ఇంగ్లీషు నిఘంటువు కనిపించింది. మాటలకు అర్థాలతో పాటు వాటి పుట్టుపూర్వోత్తరాలు కూడా అందులో ఉన్నాయి. మనుషులకు ఉన్నట్టే మాటలకూ తాతముత్తాతలు ఉంటారని నాకు అప్పుడే తెలిసింది. మొదట వెతికిన మాట ఏదో చెప్పనక్కర్లేదు కదా.

అడ్జస్ట్ అనే క్రియ ఇంగ్లీషులోకి ఫ్రెంచి నుంచి వచ్చిందట, ఫ్రెంచిలోకి లాటిన్ నుంచి. లాటిన్‌లో దాని మొదటి అర్థం దగ్గరికి తేవడం, పక్కన చేర్చడం. ఆ పక్కన అనే మాటకు మూలం కాడి. రెండు ఎడ్లను ఒక్కచోటికి కట్టే కాడి. మన యోగం, యుక్తం అన్న మాటలు కూడా దూరంగా ఆ వంశానివే అని చదివినప్పుడు నా ఒళ్లు పులకరించింది. మధ్యలో ఇంకో ముచ్చట జరిగింది. న్యాయం అనే అర్థమున్న వేరే లాటిన్ మాట చూడటానికి దీనిలాగే ఉండటం వల్ల, చదువుకున్నవాళ్లే రెండింటినీ చుట్టాలనుకున్నారు. అలా దగ్గరికి తేవడం అనే మాటకు సరిచేయడం, న్యాయంగా అమర్చడం అనే అర్థాలు అంటుకున్నాయి. చాలాకాలం ఇంగ్లీషువాళ్లు అడ్జస్ట్ చేసినవి వస్తువులనే. తూకాలు, గడియారం ముళ్లు, కళ్లద్దాలు. మనిషే అడ్జస్ట్ కావడం ఆ తర్వాత వచ్చిన వాడుక. మన దగ్గరికి వచ్చేసరికి వస్తువులు ఎక్కడివక్కడే ఉండి, మనుషులే జరగడం మొదలైంది.

ఈ సంగతి నేను ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. టీకొట్టులో చెప్పాను, మందుల షాపులో చెప్పాను, పెళ్లిలో భోజనాల దగ్గర చెప్పాను. నా భార్య అయితే, "గా ఎడ్ల కాడి కత మల్ల షురూ జేసిండు" అని వంటింట్లోకి వెళ్లిపోయేది.

లైబ్రరీలో నాకొక కుర్చీ ఉండేది. నాది అనకూడదు కానీ అందరూ అలాగే అనేవాళ్లు. నిఘంటువు బీరువా పక్కన, కిటికీకి దగ్గరగా, ఫ్యాను కింద. ఆ హాలులో నాలాంటి పేపరు చదివేవాళ్లు కొద్దిమందే. మిగతా అంతా ఉద్యోగాల పరీక్షలకు చదువుకునే పిల్లలు. తలుపు తీయకముందే వచ్చి గేటు దగ్గర నిలబడతారు. తలుపు తీయగానే లోపలికి ఉరికి, కుర్చీ మీద దస్తీ వేసి, అప్పుడు వెళ్లి టిఫిన్ చేసి వస్తారు. చేతిరుమాలును మేం దస్తీ అంటాం. బస్సు ఆగకముందే కిటికీలోంచి సీటు మీదికి దస్తీ విసరడం మా వైపు ఎరగనివాళ్లు లేరు. ఆ అలవాటే ఇక్కడికీ వచ్చింది.

నిరుడు ఇద్దరు పిల్లలు ఒక కుర్చీ కోసం కాలర్లు పట్టుకున్నారు. ఒకడు దస్తీ వేసి టీకి వెళ్తే, ఇంకొకడు అది తీసి టేబుల్ మీద పెట్టి కూర్చున్నాడు. లైబ్రేరియన్ నా దగ్గరికి వచ్చి, పెద్దవాళ్లు మీరే తీర్పు చెప్పాలన్నాడు. ఆ మాటకు నేను ఉబ్బిపోయాను. హాలు మధ్యలో నిలబడి బస్సు న్యాయం చెప్పాను.

"దస్తీ ఉన్నదంటె మనిషి ఉన్నట్టే. బస్సుల ఎవ్వడన్న దస్తీ తీసి కూసుంటడా? ఈడ గూడ గంతే."

అంతటితో ఆపితే బాగుండేది. అడ్జస్ట్ అనే మాట కథ మొత్తం, కాడితో సహా చెప్పాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. తెల్లవారి నుంచి నా పేరు అడ్జస్ట్ సార్ అయింది. వాళ్లు ఎగతాళికి పెట్టారో ప్రేమతో పెట్టారో కానీ, నాకు బిరుదులాగే వినిపించింది.

ఆమె వచ్చింది ఆ తర్వాత కొన్నాళ్లకు. వర్ధన్నపేటలో గాజుల దుకాణం ఉన్న ముస్లిం కుటుంబానికి కోడలు. టీచరు ఉద్యోగాల పరీక్షకు చదువుతోంది. ఇంట్లో వంట చేసి, ఆడవాళ్లకు టికెట్టు లేని బస్సెక్కి వచ్చేసరికి హాలులో ప్రతి కుర్చీ మీదా మనిషో దస్తీయో ఉండేది. సాయంత్రం నాలుగు గంటల బస్సుకు తిరిగి పోవాలి. మొదటిరోజు ఆమె నా టేబుల్ దగ్గరికి వచ్చి, "అంకుల్, జర అడ్జస్ట్ అయితరా? మూలకు పుస్తకం పెట్టుకుంట" అని అడిగింది.

నేను జరగడానికి ముందు ఆ మాట కథ చెప్పాను. ఆమె పుస్తకాలు రెండు చేతులతో పట్టుకుని, నిలబడే అంతా విన్నది. మధ్యలో ఒకసారి గోడ గడియారం వైపు చూసింది. కథ అయ్యాక, "మంచిగుంది అంకుల్, మరి జరుగుతరా?" అంది. అప్పుడు గుర్తొచ్చి జరిగాను.

అటెండరమ్మ ఎక్కడినుంచో ఒక స్టూలు తెచ్చి ఇచ్చింది. వెనక ఆనుకోవడానికేమీ లేని స్టూలు. దాని మీద కూర్చునే ఆమె నా టేబుల్ మూల చదువుకునేది. మిగతా సబ్జెక్టులు బాగానే వచ్చు, భయమంతా ఇంగ్లీషే. నేను మాటలు చెప్పేవాణ్ని. ఏ క్రియ తర్వాత ఏం వస్తుందో పుస్తకంలో చూసి చెప్పేవాణ్ని. ఒకరోజు టీ తాగుతూ తన సంగతి చెప్పింది. మామ ఈ ఒక్కసారికే ఒప్పుకున్నాడట. ఈ పరీక్షలో ఉద్యోగం రాకపోతే పుస్తకాలు కట్టిపెట్టి దుకాణంలో కూర్చోవాలి. ఆ మాట ఆమె ఏడుస్తూ చెప్పలేదు. బస్సు టైము చెప్పినట్టు చెప్పింది.

మధ్యాహ్నం నేను ఇంటికి వెళ్లి అన్నం తిని, కాసేపు పడుకుని, ఎండ తగ్గాక వచ్చేవాణ్ని. నేను వచ్చేసరికి ఆమె బస్సుకు బయలుదేరుతూ ఉండేది. ఆ మధ్యలోని సమయమంతా నా కుర్చీ మీద నా దస్తీ ఉండేది. ఒకసారి ఆమె పుస్తకంలోంచి తల ఎత్తకుండా, "మీరు తినవోయినప్పుడు గీ కుర్చీ ఉత్తగనే ఉంటది గద అంకుల్" అంది.

ఆమె ఏమడిగిందో నాకు అర్థమైంది. అర్థం కానట్టు నవ్వాను. ఒక్కరోజు ఎవరైనా కూర్చుంటే ఆ కుర్చీ ఇక నాది కాకుండా పోతుందేమోనని నా భయం. ఆ భయాన్ని భయం అని కూడా అనుకోలేదు. నా నియమం అనుకున్నాను.

ఈ వేసవి మొదట్లో నా కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. దవాఖానకు పోయే ముందురోజు సాయంత్రం కళ్లు మసకగా ఉంటే తొందరగా లేచి వచ్చేశాను. దస్తీ కుర్చీ మీదే మరిచిపోయాను. ఆపరేషన్ అయ్యాక కొన్నాళ్లు చదవొద్దని, దుమ్ములోకి పోవద్దని డాక్టరు చెప్పాడు. ఇంట్లో కళ్లు మూసుకుని పడుకుని, నేను నిఘంటువులోని మాటలను తలచుకున్నాను. లైబ్రరీలో ఇప్పుడు పిల్లలు ఏం చేస్తున్నారో అనుకున్నాను. ఆమె పరీక్ష దగ్గరపడిందని కూడా గుర్తొచ్చింది. దస్తీ మాత్రం గుర్తు రాలేదు. గుర్తొచ్చినా, పోతే పోయింది పాత దస్తీయే కదా అనుకునేవాణ్నేమో.

నల్లద్దాలు పెట్టుకుని మళ్లీ లైబ్రరీకి పోయేసరికి మధ్యాహ్నం కావస్తోంది, హాలు ఎప్పటిలాగే నిండి ఉంది. గోడల వెంట కూడా చోటు మిగలకుండా కింద చాపలు వేసుకుని కూర్చున్నారు. అంత గుంపులో నా కుర్చీ ఒక్కటి ఖాళీగా ఉంది. దాని మీద నా దస్తీ, నాలుగు మడతలు పెట్టి. కుర్చీ మీద దుమ్ము లేదు. అటెండరమ్మ రోజూ దస్తీ ఎత్తి, కుర్చీ తుడిచి, దస్తీ మళ్లీ పెట్టేదట. ఒక పిల్లవాడు తల ఎత్తి, "అడ్జస్ట్ సార్ సీటు ఎవ్వలం ముట్టలే" అన్నాడు.

చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ, నాకు మొదట సంతోషమే అయింది. ఇంతమంది నన్ను ఇంతగా గౌరవిస్తున్నారా అనుకున్నాను. కూర్చున్నాను. నిఘంటువు తీశాను. అప్పుడు టేబుల్ మూల చూస్తే స్టూలు లేదు.

అటెండరమ్మను అడిగాను. స్టూలు కాలు విరిగిందని చెప్పింది. మరి ఆ వర్ధన్నపేట అమ్మాయి రావడం లేదా అన్నాను.

"ఎందుకు రాదు? రోజు వస్తాంది. బయట మెట్ల మీద కూసుంటాంది."

"ఎండల?"

"నీడ ఎటు పోతె అటు జరుగుతాంది. పొద్దుగాల మెట్ల మీద, మద్దినాల సైకిల్ స్టాండు దిక్కు. రంజాన్ రోజాలు గద, నీళ్లు గూడ ముట్టది. రొండుమాట్ల చెప్పిన, సార్ కుర్చీల కూసోరాదు బిడ్డా అని. వద్దన్నది."

లేచి బయటికి వెళ్లాను. ఆపరేషన్ అయిన కంటికి వెలుగు గుచ్చుకుంది. ఆమె సైకిళ్ల పక్కన, గోడ నీడ సన్నగా పడిన చోట, చెప్పుల స్టాండుకు ఆనుకుని కూర్చుంది. ఒడిలో పుస్తకం ఉంది. పెదాలు ఎండి ఉన్నాయి. నన్ను చూడగానే లేచి, కన్ను ఎట్లా ఉందని అడిగింది. కన్ను సంగతి వదిలేసి నేనే అడిగాను.

"నా కుర్చీ ఖాళీగున్నది గద బిడ్డా, అండ్ల కూసోకపోతివా?"

"దస్తీ ఉండె గద అంకుల్."

"తీసి పక్కకు పెడితె అయిపోతుండె."

"మీరే చెప్పిన్రంట గద, దస్తీ ఉంటె మనిషి ఉన్నట్టేనని. నేను తీస్తె, అందరి తర్వాత వచ్చినామె తీసిందని అంటరు." అని ఆమే నవ్వింది. "నాకేం కాలే. ఫికర్ చెయ్యకుండ్రి. అడ్జస్ట్ అయిన."

ఆ మాట గురించి చెప్పడానికి నా దగ్గర ఎప్పుడూ ఎంతో ఉండేది. ఆ రోజు ఒక్క ముక్క కూడా రాలేదు. బస్సులో పెద్దావిడ అన్న పిండిముద్ద గుర్తొచ్చింది. కాడి గుర్తొచ్చింది. కాడి వేయడానికి ఎడ్లను దగ్గరికి తెస్తారు, నిజమే. తెచ్చేవాడు మాత్రం కాడి కింద ఉండడు. ఇంత చదివి ఈ సంగతి నేను ఎప్పుడూ ఆలోచించలేదు.

ఇంకొకటి కూడా అక్కడే, ఆ ఎండలోనే తట్టింది. బస్సులో దస్తీకి ఆయుష్షు బస్సు కదిలేవరకే. కదిలాక మనిషి ఉంటే ఉన్నాడు, లేకపోతే ఆ సీటు నిలబడ్డవాళ్లది. నా ఉద్యోగమంతా నేనే అలాంటి సీట్లలో జనాన్ని కూర్చోబెట్టాను. లైబ్రరీ కదలదు. కదలని చోటికి కదిలే బస్సు న్యాయం తెచ్చిపెట్టి, దానికి చప్పట్లు కూడా కొట్టించుకున్నాను.

ఆమెను లోపలికి తీసుకువచ్చి నా కుర్చీలో కూర్చోమన్నాను. అప్పుడు చాప మీద నుంచి ఒక కుర్రాడు లేచాడు. మర్యాదగానే మాట్లాడాడు.

"సార్, మీరు ఇడిచిపెడితె ముందుగాల నా నంబరు. నేను తలుపు తియ్యకముందే వచ్చిన. రూలు మీదే."

అతను చెప్పింది తప్పు కాదు. అతనిదీ అదే పరీక్ష. ఎవరి ఇంట్లో ఏ మాట ఉందో నాకేం తెలుసు? హాలంతా నా వైపు చూస్తోంది. నిరుడు నిలబడ్డ చోటే మళ్లీ నిలబడ్డాను. ఈసారి మాట కథ చెప్పలేదు. నేను చెప్పిన రూలు తప్పని, మనిషి లేని కుర్చీ ఎవరిదీ కాదని, దస్తీ టీ తాగి వచ్చేవరకే చెల్లుతుందని అన్నాను. నా కుర్చీని ఇక నేను పట్టుకోనని, పొద్దున ఆ కుర్రాడు, బస్సు దిగి వచ్చాక ఈమె కూర్చుంటారని, ఇద్దరూ ఒప్పుకుంటేనే అని చెప్పాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వెనక నుంచి ఎవరో, "గీ ముచ్చట నిరుడే చెప్తె అయిపోతుండె గద సార్" అన్నారు. కొందరు నవ్వారు. ఆ కుర్రాడు ఆమె వైపు చూసి, "కూసో అక్కా, నేను పొద్దుగాల చదువుకుంట తియ్యి" అన్నాడు.

ఆమె కూర్చుంది. కానీ పరీక్షకు అప్పటికే వారం కూడా లేదు.

ఆ మిగిలిన రోజులు నేను బీరువా పక్కన నిలబడి చదివాను. చదివానని అనడం కూడా అబద్ధమే. ఆమె పేజీ తిప్పిన ప్రతిసారీ, నీడ వెంట జరుగుతూ తిప్పిన పేజీలు ఎన్నో అనుకున్నాను.

ఆమెకు ఉద్యోగం రాలేదు. కొద్దిలో పోయిందని అటెండరమ్మకు ఫోన్ చేసి చెప్పిందట. కొద్దిలో అంటే ఎంత కొద్దిలో అని నేను అడగలేదు. ఎంత అని తెలిస్తే అందులో నా కుర్చీ వాటా ఎంతో వెతుక్కుంటానని నాకు తెలుసు.

ఆ తర్వాత ఆమె లైబ్రరీకి రాలేదు. నెల తిరిగాక నేనే వర్ధన్నపేట బస్సెక్కాను. గాజుల దుకాణం పట్టుకోవడం కష్టం కాలేదు. గల్లా దగ్గరున్న పెద్దమనిషి నన్ను ఎగాదిగా చూసి, "నువ్వు మా రూటు కండక్టరువు గాదూ? ఎన్నిసార్లు నన్ను ఇంజను మీద కూసోవెట్టినవు" అని చెయ్యి పట్టుకున్నాడు. ఆయనే మామ. ఆమె లోపల ఒకావిడ చేతికి గాజులు ఎక్కిస్తోంది. నన్ను చూసి తల ఊపింది.

ఆ ఇరుకు దుకాణంలో ఉన్నది ఒక్కటే కుర్చీ. ఆమె చేతిపని ఆపి ఆ కుర్చీని దులిపి నా ముందు పెట్టింది. "కూసోండ్రి అంకుల్" అని, తాను నిలబడే మిగతా గాజులు ఎక్కించింది. నేను కూర్చోలేకపోయాను. మామ భుజం పట్టి కూర్చోబెట్టాడు. సీటులో ఇంకొకరికి చోటు ఇచ్చేవాడిలా ఒక అంచుకు ఒదిగాను. పక్కన కూర్చోవడానికి ఎవరూ లేరు.

టీ వచ్చింది. "రాసింది, రాలే. ఏం జేస్తం. ఇప్పుడు దుకాణంల మంచిగ అడ్జస్ట్ అయింది" అన్నాడు మామ. చెడ్డగా అనలేదు. కోడలిని మెచ్చుకుంటున్నట్టే అన్నాడు.

నేను జరిగింది జరిగినట్టు చెప్పాను. దస్తీ, కుర్చీ, మెట్లు, ఎండ, అన్నీ. ఇందులో తప్పు ఆమెది కాదు, నాది అన్నాను. ఆయన విని పెద్దగా నవ్వాడు.

"కుర్చీతోని నౌకరి పోతదా భాయ్? నువ్వు మరీ జేస్తాన్నవు."

"పోతదో పోదో నాకు ఎర్కలేదు. పోలేదని మాత్రం నేను అనలేను. ఇంకొక్కసారి రాయనియ్యుండ్రి. గంతే అడగవచ్చిన."

ఆయన నవ్వు ఆపి టీ గ్లాసు వైపు చూశాడు. ఆమె మా వైపు చూడలేదు. గాజుల డబ్బా మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టింది. గాజులు వేయించుకున్న ఆవిడ కూడా పోకుండా అక్కడే నిలబడి వింటోంది.

"నోటిఫికేషన్ పడనియ్యి, సూద్దాం" అన్నాడు చివరికి. అది ఒప్పుకోవడమో, నన్ను పంపించడమో నాకు తెలియలేదు.

బస్టాండు దాకా ఆమె నాతో రాలేదు, దుకాణం వదిలి రావడానికి వీలు కాదు. మెట్టు దాకా వచ్చి, కన్ను మంచిగైందా అని మళ్లీ అడిగింది. అయిందన్నాను. "నోటిఫికేషన్ పడితె చెప్పుండ్రి అంకుల్. మా ఇంటికి పేపరు రాదు" అంది.

అప్పటి నుంచి పొద్దున లైబ్రరీకి పోగానే నేను మొదట చూసేది నిఘంటువు కాదు, ఉద్యోగాల ప్రకటనల పేజీ. అది కూడా నిలబడే చూస్తాను. కిటికీ పక్క కుర్చీలో ఇప్పుడు ఎవరెవరో కూర్చుంటున్నారు. కొందరు ఇంకా నన్ను అడ్జస్ట్ సార్ అనే పిలుస్తారు, వద్దని నేను చెప్పలేదు. ఆమె కోసం చూస్తున్న ప్రకటన ఇంకా పడలేదు.